తెలీదమ్మ నూకాలు

అనగనగనగా... ఆ చెయ్యి ఇలా ఇవ్వు. చల్లగా ఉందేంటే, దుప్పట్లో పెట్టుకో. ఆఁ, అనగనగా కొండల కింద గరికివలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో అందరూ అన్నీ తెలిసినవాళ్ళే.

నిజంగా తెలిసి కాదే బంగారూ. "తెలీదు" అనడానికి నామోషీ! ఆ మాట అంటే తల కొట్టేసినట్టుండేది వాళ్ళకి. అందుకని ఏమడిగినా నోటికొచ్చింది చెప్పేసేవారు. ఒకసారి గాజులమ్మే ఆయన వచ్చి పక్కూరికి దారెటు అని అడిగాడు. ఒకరు తూర్పుకి చూపించారు, ఒకరు పడమరకి చూపించారు, ఒకాయనైతే ఏకంగా కొండ మీదికే చూపించాడు. పాపం ఆయన తిరిగి తిరిగి సాయంత్రానికి మళ్ళీ గరికివలసకే వచ్చాడు. "ఇదేనా బాబూ పక్కూరు?" అని అడిగితే, "ఇదే, ఇదే" అన్నారట!

ఆ ఊళ్ళోనే నూకాలు అని ఒక పిల్ల ఉండేది. నీకంటే జానెడు పొడుగుంటుందేమో. ఆ పిల్లకి ఒక అలవాటు. తెలియంది ఎవరైనా అడిగితే, తడుముకోకుండా, "నాకు తెలీదు, కనుక్కొస్తాను" అనేసేది. అని ఊరుకునేది కాదు, నిజంగానే వెళ్ళి కనుక్కొచ్చేది.

దాంతో ఊరంతా ఆ పిల్లకి తెలీదమ్మ అని పేరు పెట్టేసింది. "అదిగో తెలీదమ్మ వస్తోంది, నీ పేరేంటో అయినా తెలుసా అని అడగండర్రా" అని నవ్వేవారు. నూకాలుకి ఉక్రోషం వచ్చేది. ఇంటికెళ్ళి ధాన్యం గాదె వెనకాల కూర్చుని ఏడ్చేది కూడా. కానీ మర్నాడు ఎవరైనా తెలియంది అడిగితే మళ్ళీ అదే మాట. ఏం చేస్తుంది, అబద్ధం దాని నోట్లో నిలిచేది కాదు.

అప్పుడు శ్రావణమాసం వచ్చింది. నూకాలు అక్క పైడికి పెళ్ళి కుదిరింది. వాళ్ళమ్మ నూకాలుని ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, "మా తల్లివి కదూ, పెళ్ళివారి ముందు మాత్రం ఆ మాట అనకే. అక్క అత్తారింట్లో తల ఎత్తుకు తిరగాలి" అని బతిమాలింది. నూకాలు సరేనని తలూపింది. అక్కంటే దానికి ప్రాణం మరి.

పెళ్ళిరోజు రానే వచ్చింది. అప్పన్న తాత అని ఆ ఊరి పెద్ద ఉండేవాడు. ఊరికి పెద్ద కాబట్టి గొప్పలకీ పెద్దే! పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట "తెలీదు" అన్న మాట ఎవరూ వినలేదు. ఆయన తన తోటలోంచి రెండు గంపల పుట్టగొడుగులు కోయించి పెళ్ళింటికి పంపించాడు. తెల్లగా, అంచుల్లో లేత గులాబీరంగుతో, ఎంత ముద్దుగా ఉన్నాయో. "పెళ్ళివారికి కూర వండి పెట్టండి, జన్మలో మరిచిపోరు" అన్నాడు.

నూకాలు వాటికున్న మట్టి దులపడానికి కూర్చుంది. ఏటా తొలకరి పడగానే పుట్టలన్నీ గాలించే పిల్ల అది. ఇలాంటివి ఎప్పుడూ చూడలేదు. అప్పుడు తాత దగ్గరికెళ్ళి, ఇవేం పుట్టగొడుగులని అడిగింది. "గడ్డిగొడుగులు" అన్నాడు తాత. ఆ తర్వాత పెద్దమ్మనడిగింది. "పాలగొడుగులే" అంది పెద్దమ్మ. ఆ తర్వాత వంటాయన్నడిగింది. "వెదురుగొడుగులు, జరుగు జరుగు, పొయ్యి మీద పెట్టాలి" అన్నాడు వంటాయన.

నూకాలు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ముగ్గురూ చెప్పింది మూడు రకాలు. ఉన్నది ఒకటే రకం. అంటే ఈ ముగ్గురిలో కనీసం ఇద్దరికి తెలియదన్నమాట. ఆ ఇద్దరెవరో కూడా తెలియదు!

అప్పుడు ఒక పుట్టగొడుగుని అరిటాకు ముక్కలో చుట్టుకుని పరుగందుకుంది. ఊరి చివర కొండవాగు దాటింది, మోకాళ్ళ దాకా బురద పూసుకుంది, అవతలి గట్టున సుక్రమ్మ అవ్వ గుడిసె ముందు ఆగింది. అవ్వ అడవిలో పుట్టి అడవిలోనే ముసలిదైంది. ఆకులూ దుంపలూ ఆవిడకి తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియవు.

అవ్వ పుట్టగొడుగుని తిప్పి చూసింది. ఆ తర్వాత విరిచి చూసింది. ఆ తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చూసి చూసి మళ్ళీ ఆకులో పెట్టేసి, చేతులు కడుక్కుంది.

"నాకు తెల్దు పాపా" అంది.

నూకాలు నోరెళ్ళబెట్టింది. "నీకూ తెలీదా! తెలీదంటే నిన్ను చూసి ఎవరూ నవ్వరా అవ్వా?"

"నవ్వనీ. మా అమ్మ తిన్నవి నేను తింటాను. తెలియంది మాత్రం కుండలో వెయ్యను. అందుకే ముసల్దాన్నయ్యేదాకా బతికాను" అని అవ్వ బోసినోటితో నవ్వేసింది.

నూకాలు వచ్చినంత వేగంగానే వెనక్కి పరుగెత్తింది. వెళ్ళేసరికి పందిట్లో అందరూ బంతికి కూర్చున్నారు. ఆకుల్లో అన్నం పడింది. కూర గుండిగ తెచ్చి మధ్యలో పెట్టారు. ఘుమఘుమలు చెప్పలేం. పెళ్ళికొడుకు మేనత్త గారు అందులోకి తొంగి చూసి, ఎదురుగా వగరుస్తూ నిలబడ్డ నూకాల్ని పిలిచింది. "ఏం పుట్టగొడుగులు పిల్లా ఇవి?"

పందిరంతా నూకాలు వంకే చూసింది. వాళ్ళమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నూకాలు అక్క వైపు చూసింది. ఇంత ముఖం, అంత బాసికం, పాపం ఎంత బాగుందో అక్క. ఆ మాట అంటే అక్కకి తలవంపులు. అనకపోతే అక్క కూడా ఆ కూరే తింటుంది.

"నాకు తెలీదండీ" అంది నూకాలు. "ముగ్గుర్నడిగితే మూడు పేర్లు చెప్పారు. సుక్రమ్మ అవ్వనడిగితే ఆవిడకీ తెలీదంది. ఎవరికీ తెలియంది తినకండి."

ఊరంతా గొల్లుమంది. "తెలీదమ్మ వెళ్ళి ఇంకో తెలీదమ్మని వెంటేసుకొచ్చిందిరా!" అని అప్పన్న తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. నూకాలు వాళ్ళ నాన్న తల దించేసుకున్నాడు.

అప్పుడు పీటల మీంచి పైడి లేచి నిలబడింది. పెళ్ళికూతురు అలా లేవడం ఎక్కడైనా ఉందీ! "మా చెల్లి తెలియంది తెలుసని ఎన్నడూ అనలేదు. అది తెలుసని చెప్పింది తప్పైన రోజు నాకు తెలిసి లేదు. ఆ గుండిగ తీసెయ్యండి నాన్నా" అంది.

నాన్న తల ఎత్తాడు. ఒక్క క్షణం కూతుళ్ళిద్దర్నీ చూశాడు. ఆ తర్వాత తనే వెళ్ళి గుండిగ ఎత్తి పందిరి బయట పెట్టేశాడు.

అప్పన్న తాతకి రోషం పొడుచుకొచ్చింది. "నా తోటలో కూరకి వంక పెడతారా" అని విసవిసా బయటికెళ్ళి, అందరూ చూస్తుండగా మూడు ముద్దలు తినేశాడు. మీసం దువ్వుకుని వచ్చి కూర్చున్నాడు. మిగతావాళ్ళంతా ముద్దపప్పూ గుమ్మడికాయ పులుసూ పోసుకుని తిన్నారు. తాంబూలాల వేళకి తాత ముఖం పాలిపోయింది. ఆ తర్వాత చెమటలు పట్టాయి. ఆ తర్వాత... ఎందుకులే, పెరట్లోకి పరుగులే పరుగులు! మంచం మీద మోసుకెళ్ళి వైద్యుడి దగ్గర దింపారు. భయపడకే, బతికాడు. మూడు ముద్దలే కాబట్టి బతికాడు. పెళ్ళివారందరూ కడుపు నిండా తినుంటే?

అదే తలుచుకుని పందిట్లో అందరూ నూకాలు చుట్టూ మూగారు. మేనత్త గారు నూకాలు గడ్డం పట్టుకుని, "మా కోడలికి ఇంత మంచి చెల్లెలుందని మాకెవరూ చెప్పలేదే!" అంది. వాళ్ళమ్మ బురద కాళ్ళ నూకాల్ని పట్టుచీరకేసి హత్తుకుని, "నా కూతురండీ, నా కూతురు" అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది. నాన్నయితే కళ్ళు తుడుచుకుంటూ కూడా మీసం మెలేశాడు.

తాత కోలుకున్నాక నూకాలు చూడ్డానికెళ్ళింది. "ఇంతకీ అవేం పుట్టగొడుగులు తాతా?" అని మెల్లగా అడిగింది. తాత కప్పు వంక చూశాడు, గోడ వంక చూశాడు, చివరికి, "తెలీదే తల్లీ" అన్నాడు. అని, హాయిగా ఊపిరి వదిలాడట.

ఆ తర్వాత నూకాలు పెద్దదైంది. తెలియందల్లా అడుగుతూ, కనుక్కుంటూ, చూస్తూ చూస్తూ ఎంత నేర్చుకుందని! పైడికి కూతురు పుట్టింది. ఓసారి వాళ్ళు గరికివలస వచ్చినప్పుడు ఆ పసిది చేను గట్టున ఏవో పళ్ళు తినేసి, నోరంతా నల్లగా చేసుకుని ఇంటికొచ్చింది. పైడి చూసి కేక పెట్టింది. చుట్టుపక్కలవాళ్ళు పోగై, విషప్పళ్ళని ఒకరూ కాదని ఒకరూ అరుస్తున్నారు. పైడికి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. బిడ్డనెత్తుకుని చెల్లెలింటికి పరుగెత్తింది.

నూకాలు పసిదాని గుప్పిట విప్పి, మిగిలిన పండు తీసి, చిదిమి చూసింది.

"పరికిపళ్ళు అక్కా. ఏం కాదు. నాకు తెలుసు" అంది.

పైడి ఇంకో మాట అడగలేదు. ఉన్నచోటే కూలబడి, బిడ్డని గుండెకి అదుముకుని, ఏడుస్తూ నవ్వేసింది.

కథ కాళ్ళకి చెప్పులేసుకుని కంచికి పోయిందీ,
కళ్ళ మీదికి కునుకొచ్చి మన ఇంటికి చేరిందీ,
తెలిసింది తలకింద పెట్టుకో,
తెలియంది పొద్దున్నే కనుక్కో!