ఏడు రాజ్యాల సభ

ఏడు రాజ్యాలున్న ఒకానొక సీమలో, ఏటికి ఎగువనున్న రాజ్యాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. లోకంలో తనంత బుద్ధిమంతుడు లేడని ఆయన నమ్మకం. కాదన్నవాళ్లు కొలువులో ఎక్కువ రోజులు ఉండలేదు.

ఒకరోజు ఆయన పన్నెండు తాటాకులు రాయించి సభలో చదివించాడు. ఇకమీద ఏడు రాజ్యాలకూ కలిపి ఒకే మహాసభ. యుద్ధాలుండవు. తగవు వస్తే సభ తీరుస్తుంది. ఆ తీర్పు రాజుకైనా శిరోధార్యం. అధ్యక్షుడు ఉద్దండవర్మే.

పండితులు మూడుసార్లు శభాష్ అన్నారు. రాయబారి తిప్పన మాత్రం పలకలేదు. అతను ముప్పై ఏళ్లుగా రాజుల ఉత్తరాలు మోస్తున్నవాడు. ముందు రోజే దిగువ రాజ్యం నుంచి తిరిగొచ్చాడు. ఉద్దండవర్మ ఏటికి అడ్డకట్ట కట్టి తూము మూయించినప్పటి నుంచి అక్కడ రెండేళ్లుగా పంటల్లేవు. ఆ రాజ్యాన్నేలే మైలమాంబ తిప్పనకు సగం చెంబు నీళ్లిచ్చి, "ఇంతకన్నా ఇవ్వలేను, ఏమనుకోకు నాయనా" అంది. ఆమె సేనాపతి కత్తులు నూరిస్తున్నాడు.

"నా ఆలోచన నీకు నచ్చలేదా, తిప్పనా?" అన్నాడు రాజు.

"నచ్చింది ప్రభూ. మీ తండ్రిగారిదీ నచ్చింది. అదీ నేనే మోశాను. ఆరుగురు రాజుల్లో ఒక్కరూ ముద్ర వేయలేదు."

రాజుకు కోపం వచ్చింది. "రెండు నెలల్లో ఆరు ముద్రలూ తీసుకురా. తెస్తే అడిగింది ఇస్తాను. లేకపోతే ఈ కొలువులో నీకు చోటు లేదు."

"ఒప్పించడానికి నా మాటలు నేను చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో. రాసినదాంట్లో మాత్రం ఒక్క అక్షరం మారకూడదు."

తిప్పన మరోసారి దారి పట్టాడు. నలభయ్యో రోజున ఆరు ముద్రలతో తిరిగొచ్చాడు. రాజు నమ్మలేక ముద్రలను రెండుసార్లు వెలుగులో పెట్టి చూశాడు.

మంచిరోజు చూసి మహాసభ పెట్టారు. ఉద్దండవర్మ అందరికన్నా ఎత్తయిన పీఠం మీద కూర్చున్నాడు. మొదట మైలమాంబ లేచింది.

"మహారాజా, మా ఏటిని మీరు కట్టేశారు. అదే నా తగవు."

"అది మా రాజ్యం లోపలి వ్యవహారం. సభకు సంబంధం లేదు" అన్నాడు ఉద్దండవర్మ.

తిప్పన నాలుగో తాటాకు తీసి మెల్లగా చదివాడు. "రెండు రాజ్యాల నడుమ పారే నీరు సభ వ్యవహారం. తగవులో ఉన్న రాజు ఆ తగవుకు తీర్పరి కారాదు."

"ఈ మాటలెవరు రాశారు?"

"తమరే ప్రభూ. ఇక్కడే పండితులు మూడుసార్లు శభాష్ అన్నారు."

ఎవరూ నవ్వలేదు. రాజు ముఖం కందిపోయింది. తిప్పన రాజు దగ్గరికి వెళ్లి ఆయనకే వినపడేలా అన్నాడు: "ఇప్పుడు కాదంటే సభ పుట్టిన రోజే చస్తుంది ప్రభూ. చంపింది తమరేనని చెప్పుకుంటారు. పీఠం దిగితే, మాట మీద నిలబడ్డ రాజని చెప్పుకుంటారు. ఏదైనా ఆ కబురు ఆరు రాజ్యాలకూ మోయాల్సింది నేనే."

ఉద్దండవర్మ పీఠం దిగి వచ్చి మైలమాంబ పక్కన కూర్చున్నాడు. మిగిలిన అయిదుగురు రాజులూ ఇద్దరి వాదనా విన్నారు. నెలలో సగం రోజులు తూము తెరవాలని తీర్పు చెప్పారు. ఆయన తలవంచాడు. ఆ సాయంత్రమే తూము తెరిపించాడు.

అతిథులు విడిదికి వెళ్లాక తిప్పనను పిలిపించాడు. "నిజం చెప్పు. మా నాన్నకు ఒక్క ముద్ర పడలేదు. నాకు ఆరు ఎలా పడ్డాయి?"

"నేను ఒక్క మాటే చెప్పాను ప్రభూ. తొలి తగవు తమరి మీదేనని."

రాజు మొదట సన్నగా, ఆ పైన కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. తన భుజం మీది శాలువా తీసి తిప్పనకు కప్పాడు. "మాటిచ్చాను, అడుగు. ఊరా? బంగారమా?"

"రేపు పొద్దున నన్నెవరూ లేపకుండా ఉంటే చాలు."

రాజు అతని పేర ఒక ఊరూ రాసిచ్చాడు, గుమ్మం ముందు ఇద్దరు భటులనూ నిలబెట్టాడు. మరునాడు తిప్పన మిట్టమధ్యాహ్నం దాకా నిద్రపోయాడు. ఆ వేళకు నీళ్లు మైలమాంబ పొలాలకు చేరాయి.