చుక్కల అనప

ఓబుళయ్య స్వామి ఆశ్రమానికి వచ్చినవాళ్లెవరూ వట్టి చేతులతో తిరిగిపోరు. పోయేటప్పుడు కొంగులోనో తుండుగుడ్డలోనో గుప్పెడు అనపగింజలు పోసి పంపడం ఆయనకు అలవాటు. ఆ గింజలు సంపాదించేవాడు శిష్యుడు కోనప్ప. నల్లవీ, ఎర్రవీ, తెల్లవీ, ఏ పల్లెలో కొత్త రకం అనప కనబడినా బతిమాలి తెచ్చేవాడు. రకానికొక ఎండు సొరబుర్రలో పోసి, పురుగు పట్టకుండా పొగ తగిలేలా వంటింటి పొయ్యి పైన వేలాడదీసేవాడు.

అన్నిట్లోకీ అతనికి ప్రాణం చుక్కల అనప. కొండకింద పల్లెలో ఒక అవ్వ, "నా తర్వాత దీన్ని పెట్టేవాళ్లు లేరప్పా, పోనీయొద్దు" అని మాట తీసుకుని మరీ ఇచ్చింది. ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు. అటువంటి గింజల్లోంచి స్వామి గుప్పెడు తీసి గంగులమ్మ కొంగులో పోశారు. ఆశ్రమం కంచె కర్రలు విరుచుకుపోయే గంగులమ్మకు! కోనప్పకు ఒళ్లు మండింది.

"స్వామీ, అడుక్కొచ్చేది నేను, పంచిపెట్టేది మీరు. ఇట్లాగైతే విత్తనం నిలిచేదెట్లా?"

స్వామి వాదించలేదు. "సరే నాయనా, ఇక నేనివ్వను. నువ్వే కాపాడు" అన్నారు.

కోనప్ప కాపాడాడంటే మామూలుగా కాదు. తొలకరి పడినా, చీడ పడుతుందేమో, కోతులు తినిపోతాయేమోనని చుక్కల అనప ఒక్క గింజ కూడా నేలలో పెట్టలేదు.

మాఘ పున్నమికి సంతర్పణ జరిగింది. కోనప్ప విస్తరాకుల కోసం పోయిన సమయంలో, అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చారు. పొరుగూరి వంటవాడు ఏం చెయ్యాలా అని తల పైకెత్తి చూస్తే బుర్రల నిండా గింజలు! అన్నీ దించి, ఒకే గుండిగలో ఉడికించి, కమ్మగా పోపు పెట్టాడు.

కోనప్ప వచ్చి పంక్తిలో కూర్చుంటే విస్తట్లో చుక్కల అనప పడింది. ఉడికినా చుక్కలు పోలేదు. మిగతా రకాలు ఏళ్లుగా పంచినవే, ఊళ్లో ఏ ఇంట్లోనైనా దొరుకుతాయి. అవ్వ గింజ మాత్రం ఇక లేదు. అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. పక్కనే స్వామి మాత్రం గుగ్గిళ్లు మారు వడ్డించుకుని తృప్తిగా తిన్నారు. చెయ్యి కడుక్కున్నాక, "ఒకసారి గంగులమ్మ ఇంటికి పోయిరా" అన్నారు.

కోనప్ప సిగ్గు చంపుకుని వెళ్లాడు. ఆమె పెరట్లో, ఆశ్రమం నుంచి విరుచుకుపోయిన కర్రల మీదే, అనప తీగ నిండా ఎండుకాయలు గలగలమంటున్నాయి. జరిగింది విని గంగులమ్మ పడీపడీ నవ్వింది. "ఇస్తాలేప్పా! ఈతూరన్నా తాళింపు పెట్టుకోవాకండి" అని చేటెడు గింజలు పోసింది.

కోనప్ప ఆ మూట గుండెకు హత్తుకుని పరుగున వచ్చాడు.

"దొరికాయి స్వామీ! ఈసారి ఎక్కడ దాచమంటారు?"

గుమ్మంలో పొరుగూరి ఇల్లాలు ఒకామె సెలవు తీసుకోవడానికి నిలబడి ఉంది. స్వామి ఆమెవైపు చూపించారు.

"ఆ అమ్మ కొంగుకు చిరుగు లేదు కదా, చూడు నాయనా."