నెమరేసిన రాయబారి

వాగు మీద పెత్తనం పులిది. ఆ వాగు లేకపోతే పశువుల మందకు బతుకు లేదు. "నీళ్లు కావాలంటే నెలకో దూడను పంపండి" అని పులి కబురు పెట్టింది. బదులు చెప్పి రావడానికి మంద ముసలెద్దు పోలయ్యను పంపింది. ఏనుగుల దగ్గరికి, అడవిదున్నల దగ్గరికి ఇరవై ఏళ్లుగా రాయబారం నడిపినవాడు. ఎక్కడా తల వంచి ఎరగడు.

గుహ ముందు మంత్రి నక్క ఎదురొచ్చింది.

"రా పోలయ్య మామా! ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకోడానికి ఇంత దూరం నడవాలా అల్లుడూ? ఒక్క దూడా రాదు. వాగును వాన ఇచ్చింది, మీ రాజు తవ్వలేదు. ఆ మాట ఆయన ముఖం మీదే చెబుతాను."

"రాజుగారు పనిలో ఉన్నారు. ఆ బండ దగ్గర కూర్చో."

నక్క గడ్డిపరక కూడా పెట్టలేదు. రాయబారిని చంపితే ఏనుగులు ఊరుకోవు గానీ, ఒక్క పూట మాడిస్తే ముసలాడే కాళ్లబేరానికి వస్తాడనుకుంది. పాపం, మంత్రిగారికి మాంసం తినడం తప్ప మరొకటి తెలీదు. పోలయ్య పొట్ట పగిలేలా మేసి మరీ బయల్దేరాడు. బండ పక్కన పడుకుని తాపీగా దవడలాడిస్తున్నాడు.

మూడో పొద్దుకు నక్క ఈసురోమంటూ బండ దగ్గరికి వచ్చింది.

"ఇంకా ఏం తింటున్నావు మామా?"

"ఇంటి గడ్డే, నెమరేస్తున్నాను. మరి నువ్వేం తిన్నావు?"

మూడు రోజులుగా నక్కకూ పస్తే. వచ్చిన రాయబారి విందు తినందే కొలువులో ఎవరూ, చివరికి పులి కూడా, ముద్ద ముట్టకూడదు. అది వాళ్ల తాతల నాటి ఆచారం.

డొక్కలు ఎండిన పులి బయటికొచ్చింది. "ఏం కావాలయ్యా నీకు?"

"వాగు. దూడల ఊసు లేకుండా."

"కుదరదంటే?"

"ఇక్కడే ఉంటాను. పొట్టలో ఇంకా మేత ఉంది."

పులి చూసిన చూపుకి నక్క పరుగున వెళ్లి పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకొచ్చింది. పోలయ్య మూతి తిప్పుకున్నాడు.

"ముందు మాట. ఆ తర్వాతే విందు."

"వాగు అందరిదీ! దూడలు వద్దు! ఇక తిను!" కొలువంతా వినేలా పులి అరిచింది.

అప్పుడు పోలయ్య తినడం మొదలుపెట్టాడు, ఒక్కొక్క పరకా తీరిగ్గా నములుతూ. ఆ మోపు అయ్యేదాకా నక్క గుటకలు మింగుతూ నిలబడే ఉంది.

నీతి: ఎదుటివాణ్ణి ఆకలితో లొంగదీయాలనుకునేవాడు ముందు తన పొట్ట సంగతి చూసుకోవాలి.