ముత్యాలు చూసుకున్న సముద్రపు ఊరు

పట్నంలో కూరగాయల మార్కెట్టు వెనక సందులో ముత్యాలు అనే మేక ఉండేది. ఏ గోడ మీద సినిమా పోస్టరు కొత్తగా అంటించారో, ఏ కొట్టువాడు క్యాబేజీ ఆకులు ఎన్ని గంటలకు పారేస్తాడో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. లారీ వెనక్కొస్తుంటే తల తిప్పి చూడకుండానే పక్కకు జరిగేది. మార్కెట్టు ఆవులు కూడా ఆమె ముందు నడిస్తేనే రోడ్డు దాటేవి.

అంత నేర్పున్న మేకకూ కిందటేడు పుట్టిన రెండు పిల్లలూ దక్కలేదు. ఒకటి స్కూటరు కింద పడింది. రెండోది ప్లాస్టిక్ సంచి మింగి, నాలుగు రోజులు కడుపు ఉబ్బి పోయింది. ఇప్పుడు మళ్ళీ చూడితో ఉంది. ఆమెను కట్టేసి మేపిన యజమాని ఎప్పుడో కొట్టు ఎత్తేసి వెళ్ళిపోయాడు. కాబట్టి అడిగేవాళ్ళూ లేరు, ఆపేవాళ్ళూ లేరు.

“ఈసారి నా పిల్లలు హారన్ మోతలో పుట్టకూడదు,” అని ఆవులతో చెప్పింది ముత్యాలు. “సముద్రం ఒడ్డున గవ్వలపాలెం అని ఓ ఊరుందట. చేపల బుట్టలు తెచ్చే ఆడవాళ్ళు రోజూ దాని గురించే చెప్పుకుంటారు. అక్కడికి బస్సు కూడా రాదట. నేను పోతున్నాను.”

“పల్లెటూళ్ళో నీకేం తోస్తుందే? పోస్టర్లు కూడా ఉండవు,” అంది ఓ ఆవు.

“నిజం ఆకులుంటాయిగా,” అని నవ్వి బయల్దేరింది ముత్యాలు.

రెండు రోజులు నడిచింది. మేడలు పోయి జీడిమామిడి తోటలొచ్చాయి. రోడ్డు సన్నబడి, సన్నబడి ఇసకబాట అయింది. మూడో రోజు పొద్దున సరుగుడు తోట దగ్గర ఆ బాట రెండుగా చీలింది. అక్కడో రాయి మీద నూకరాజు అనే నక్క కూర్చుని ఉన్నాడు. పట్నంలో పుట్టిన ముత్యాలు నక్కని చూడటం అదే మొదటిసారి. ఇదేదో నాజూకు జాతి కుక్క కాబోలు అనుకుంది.

“ఎక్కడికమ్మా చెల్లెమ్మా, ఇంత ఎండలో? వట్టి మనిషివి కూడా కావు!” అని ఎంతో ఆప్యాయంగా పలకరించాడు నూకరాజు.

“గవ్వలపాలేనికి అన్నయ్యా. ప్రశాంతంగా ఉంటుందని విన్నాను.”

“గవ్వలపాలెమా? ప్రశాంతమా?” నూకరాజు రెండు చెవులూ మూసుకున్నాడు. “తెల్లారకముందే పడవలొస్తాయి. ఆడవాళ్ళు చేపల వేలంపాట మొదలెడితే ఆకాశంలో కాకులు దారి తప్పుతాయి. ఇక కుక్కలంటావా, గాలి వీచినా మొరుగుతాయి. పట్నం నుంచి పారిపోయి వచ్చి ఆ గోలలో పడతావా తల్లీ?”

ముత్యాలు తను వచ్చిన బాట వైపు తిరిగి చూసింది. “మరెలాగ?”

“నేనున్నానుగా. ఎంతమందికి చూపించలేదు! ఉప్పుటేరు అవతల పాతపేట ఉంది. హారన్ లేదు, కుక్క లేదు, అసలు మనిషే లేడు. చూస్తే నువ్వే వదలవు.”

నీరు తగ్గిన వేళ కావడంతో ఇద్దరూ ఏరు దాటారు. నూకరాజు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. తెల్లటి ఇసక, సగం కూలిన నాలుగు గోడలు, వాటి నీడలో పచ్చగడ్డి. అల వచ్చి వెళ్ళే చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ముత్యాలు ఓ గోడవారన పడుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమె చెవులు వాటంతటవే వాలిపోయాయి. కడుపులో పిల్లలు మెల్లగా కదిలాయి. ‘ఇక్కడే, ఇక్కడే’ అనుకుంది.

“ఎలా ఉంది?” అన్నాడు నూకరాజు.

“స్వర్గంలా ఉంది అన్నయ్యా.”

“నువ్వు ఈనే రోజున కబురు చెయ్యనక్కరలేదు. నేనే వచ్చి కాపలా ఉంటాను. ఒక్కటే మాట, ఈ చోటు సంగతి ఎవరికీ చెప్పకు. నలుగురూ చేరితే మళ్ళీ సందడే.”

ఆ మాటతో ముత్యాలు చెవి ఒకటి మళ్ళీ నిక్కబొడుచుకుంది. పట్నంలో ఓ పొద్దున వాళ్ళ సందు సరిగ్గా ఇలాగే ఉండింది. కుక్క లేదు, పంది లేదు, ఒక్క మేకా లేదు. ఎంత హాయి అనుకుంటూ ఆమె నడిరోడ్డు మీద తీరిగ్గా నడిచింది. మలుపు తిరిగేసరికి పశువుల్ని పట్టుకుపోయే మునిసిపాలిటీ బండి ఎదురుగా నిలబడి ఉంది. తాడు మెడకు పడేలోపు గోడ దూకబట్టి బతికింది. ఆ పొద్దున అందరికీ తెలిసింది, తనొక్కతికే తెలియలేదు.

“అన్నయ్యా, ఇక్కడ మునుపు ఎవరుండేవాళ్ళు?” అని అడిగింది, గడ్డి నములుతూ.

“జాలర్లు. సముద్రం ముందుకొచ్చింది. వాళ్ళు వెనక్కి జరిగారు.”

“మేకలు?”

“మేకలా... కొన్ని ఉండిపోయాయి. తర్వాత అవీ పోయాయి.”

“ఎటు పోయాయి?”

“పాత సంగతులు మనకెందుకమ్మా?” అని నూకరాజు సముద్రం వైపు తిరిగాడు.

ముత్యాలు ఒళ్ళు విరుచుకున్నట్టు లేచి గోడ వెనక్కి నడిచింది. ఎండుటాకుల్లో కాలికి ఏదో తగిలింది. చిన్న గిట్ట. దాని పక్కన మరొకటి. వేలిగోరంత గిట్టలు, ఎండకు తెల్లబడి, గుప్పెడు పైనే ఉన్నాయి. కొమ్ములున్న పెద్ద మేక ఎముక ఒక్కటి కూడా లేదు.

ఆమెకు అంతా తెలిసిపోయింది. కొమ్ముల జోలికి వీడొక్కడూ రాలేడు. ఈనిన రోజున, తల్లి లేవలేని గంటలో వస్తాడు. అందుకే కాపలా అన్నాడు.  పట్నంలో పోయిన రెండు పిల్లలూ కళ్ళ ముందు కదిలాయి. ఒక్క క్షణం పరిగెడదామనుకుంది. కానీ పరిగెత్తితే వీడు రేపు మళ్ళీ ఆ రాయి మీదే కూర్చుంటాడు. మరో చూడి మేకను చెల్లెమ్మా అంటాడు. ఈ సంగతి తలుచుకునేసరికి ఆమె పరుగు మాట మానుకుంది.

ముఖం నిండా నవ్వుతో గోడ వెనక నుంచి వచ్చింది.

“నాకు నచ్చింది అన్నయ్యా! కానీ నేనొక్కదాన్నే రాలేదు. పట్నం నుంచి నాతో మరో నలుగురొచ్చారు. అందరూ నాలాంటివాళ్ళే, నేడో రేపో అన్నట్టున్నారు. అలిసిపోయి వెనక చెట్ల కింద ఆగారు. వాళ్ళని కూడా తీసుకురానా? నలుగురూ చేరకూడదంటే మానేస్తాను.”

నూకరాజు గొంతులో ఏదో గుటుక్కుమంది. నలుగురు, తలకు రెండేసి పిల్లలు. “అబ్బే, నీవాళ్ళు పరాయివాళ్ళా? తీసుకురా, తీసుకురా!”

“అయితే మధ్యాహ్నం ఆ రాయి దగ్గరే ఉండు,” అని ముత్యాలు ఏరు దాటి, తిన్నగా గవ్వలపాలెం బాట పట్టింది.

ఊరి మొదట్లోనే సింగారి అనే కుక్క ఎగిరి మీదికొచ్చింది. “ఎవత్తివే నువ్వు? ఏ ఊరు? ఎవరి తాలూకు?”

“అబ్బ, నీ గొంతు ఎంత బాగుందే!” అంది ముత్యాలు. సింగారి జన్మలో ఆ మాట వినలేదు. ఏమనాలో తోచక తోకాడించింది.

పక్కనే వలల పాక నీడలో బంగారయ్య అనే ముసలి ఎద్దు నెమరు వేస్తున్నాడు. చేపల బుట్టల బండి లాగేది అతనే. ముత్యాలు అతని ముందు కూర్చుని తను చూసిందంతా చెప్పింది. బంగారయ్య నెమరు ఆపి, “అది కుక్క కాదు పిల్లా, నక్క. వాడి సంగతి మాకు తెలుసు,” అన్నాడు.

“తాతా, ముందు ఒక సంగతి చెప్పు. ఈ ఊరు ఎలాంటిది?” అని అడిగింది.

“ఉన్నదున్నట్టు చెబుతాను పిల్లా. తెల్లవారుజామున గోల నిజమే. ఎండుచేపల వాసన ఒంటికి పడుతుంది. గాలివాన వస్తే పాకలు లేస్తాయి, మళ్ళీ కట్టుకుంటాం. పొద్దెక్కాక మాత్రం పనిచేసినవాళ్ళంతా పడుకుంటారు. అప్పుడు వీధిలో గవ్వ దొర్లినా వినిపిస్తుంది. నీ పిల్ల అరిస్తే ఊరంతా లేస్తుంది.”

“మరి నక్క సంగతి తెలిసీ ఎందుకు ఊరుకున్నారు?”

“ఊరుకోలేదే!” అని సింగారి మండిపడింది. “మేం ఏరు దాటేలోపు వాడు సరుగుడు తోటలో దూరతాడు. వాసన పట్టేలోపు నీరెక్కుతుంది. వాణ్ణి మా గుమ్మంలోకి రప్పించే మొనగాడు ఎవడున్నాడు?”

“మొనగాడెందుకే, చూడి మేక చాలు,” అంది ముత్యాలు. “నీకు మాత్రం ఒక కష్టమైన పని చెబుతాను. చేస్తావా?”

“ఎంత కష్టమైనా చేస్తాను!”

“నేను పిలిచేదాకా నువ్వూ, మీవాళ్ళూ నోరు మూసుకోవాలి.”

సింగారి ముఖం వాడిపోయింది. అయినా సరే అంది.

మధ్యాహ్నం ముత్యాలు ఆయాసపడుతూ రాయి దగ్గరికి వచ్చింది. “అన్నయ్యా, నా మాట వాళ్ళు నమ్మడం లేదు. ఎండకు తాళలేక ఊరి చివర వలల పాకలో చేరారు. అంత మంచి చోటు గురించి నాకు చెప్పడం రావడం లేదు. నువ్వొచ్చి ఒక్కసారి నీ నోటితో చెప్పు.”

నూకరాజు వెనక్కి తగ్గాడు. “ఊళ్ళోకా? కుక్కలుంటాయి కదమ్మా!”

“పడుకున్నట్టున్నాయి. ఒక్కటీ మొరగడం లేదు. నువ్వే విను.”

నూకరాజు చెవులు రిక్కించాడు. నిజమే. గవ్వలపాలెం నుంచి ఒక్క చప్పుడు కూడా లేదు. ఇన్నేళ్ళలో ఆ ఊరు అంత నిశ్శబ్దంగా అతనెప్పుడూ వినలేదు. నాలుకతో మూతి తుడుచుకుని, “పద,” అన్నాడు.

పాకలో చీకటిగా ఉంది. ఒక మూల పోగేసిన వలల కింద నాలుగు ఆకారాలు ముడుచుకుని ఉన్నాయి. “పాపం, కొత్త చోటని బెదిరి వలలు కప్పుకున్నారు,” అంది ముత్యాలు. “చెప్పు అన్నయ్యా.”

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. మాట మొదలెడితే అతనికి తనమీద తనకే ముచ్చట. “అక్కలారా, చెల్లెళ్ళారా! పాతపేటలాంటి చోటు ఈ ఒడ్డున మరొకటి లేదు. అక్కడ హారన్ వినపడదు. కుక్క వినపడదు. ఎంత నిశ్శబ్దమంటే, పిల్లలు గొంతు చించుకుని అరిచినా అవతలి ఒడ్డుకు వినపడదు!”

“ఆహా,” అంది వలల కింద నుంచి ఓ బొంగురు గొంతు. “ఎవరు అరిచి చూశారు?”

నూకరాజు ఉలిక్కిపడ్డాడు. “మీ అక్క గొంతేమిటి, అలా ఉంది?”

“పట్నం పొగ అన్నయ్యా,” అంది ముత్యాలు నిబ్బరంగా. తర్వాత తల పైకెత్తింది. “సింగారీ, ఇక చాలు! మొరుగు!”

వలలు గాల్లోకి లేచాయి. నాలుగు కుక్కలు, పొద్దుటి నుంచి దాచిపెట్టిన మొరుగంతా ఒక్కసారే మొరిగాయి. నూకరాజు గుమ్మం వైపు దూకాడు. గుమ్మంలో బంగారయ్య అడ్డంగా నిలబడి నింపాదిగా నెమరేస్తున్నాడు. పక్కకు తిరిగితే ముత్యాలు కొమ్ములు. వెనక్కి తిరిగితే సింగారి పళ్ళు. దారి లేక వలల పోగులోకే దూరాడు. ఎంత తన్నుకుంటే అంత చుట్టుకుంది.

“చెల్లెమ్మా! నేను నిన్నేం చేశానమ్మా?” అని వలలోంచి ఏడ్చాడు.

“నన్నేమీ చెయ్యలేదు,” అంది ముత్యాలు. “గోడ వెనక గిట్టలు చూశాను.”

నూకరాజు ఏడుపు మాని మరింత గట్టిగా తన్నుకున్నాడు. చివరికి పళ్ళతో వల కొరికి, ఒక చెవి సగం సింగారికి వదిలి, పాక గోడ కన్నంలోంచి బయటపడ్డాడు. కుక్కలు జీడితోటల దాకా తరిమాయి. పారిపోయాడు కానీ నడుముకు చుట్టుకున్న వల ముక్క మాత్రం ఊడలేదు. దానికి వలను ముంచే సీసపు గుండ్లు డజను వేలాడుతున్నాయి. అడుగేస్తే గలగల, ఊపిరి పీలిస్తే గలగల. ఇప్పుడు వాడు పొదలో కదిలితే అర మైలు దూరంలో ఉన్న కుందేలు కూడా తీరిగ్గా లేచి, ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోతుంది. పాతపేట కాపలా మానేసి పురుగూ పుట్రా ఏరుకుని బతుకుతున్నాడని కాకులు చెబుతాయి.

పది రోజుల తర్వాత, వేలంపాట మంచి జోరుమీదున్న వేళ, వలల పాకలో ముత్యాలు ఈనింది. ఒక పెంటి, ఒక పోతు. రెండోది పుట్టీ పుట్టకముందే గట్టిగా అరిచింది. వేలం పాడుతున్న ఆడవాళ్ళు ధర మధ్యలో వదిలి తొంగిచూశారు. సింగారి ఊరు ఈ చివర నుంచి ఆ చివరి దాకా కబురు మొరిగి వచ్చింది. బంగారయ్య పక్కకు జరిగి తన గడ్డి సగం ఇటు తోశాడు.

“గోలగా ఉందా పిల్లా? కాసేపు ఆగమని చెప్పనా?” అన్నాడు.

 పిల్లలు రెండూ పాలు తాగుతున్నాయి. ముత్యాలు రెండు చెవులూ వాల్చి నిద్రపోతోంది.

ప్రశాంతమైన ఊరు కావాలనుకునేవాళ్ళు ముందు ఆ ప్రశాంతత అక్కడికి ఎలా వచ్చిందో కనుక్కోవాలి.