కరువుకు పెట్టిన పేరు

కరువొచ్చింది. ఆస్థానకవి దానికి ‘మహావ్రతం’ అని పేరు పెట్టాడు. ‘ఆకలి’ అన్నవాళ్ల నాలుక కోస్తామని రాజు చాటింపు వేయించాడు. జనం అన్నం అడిగితే అలంకారం వడ్డించారు! కోట గాదెల్లో మాత్రం ధాన్యం ముక్కిపోతోంది.

ఖాళీ రోటి ముందు కూర్చుని ‘ఆకలి’ అని పాడినందుకు పోలమ్మ అనే పేదరాలిని సభకు ఈడ్చుకొచ్చారు. తలారి కత్తి దూశాడు. వాకిట జనం గుమిగూడారు.

“మాట మార్చుకుంటావా?” అన్నాడు రాజు.

“మార్చుకున్నాను దొరా. వ్రతమే. నలభై రోజులు నిష్ఠగా చేశాం. మరి ఉద్యాపన ఎప్పుడు? వ్రతం పట్టించినవాళ్లే చివర్లో అందరికీ అన్నం పెట్టాలి కదా!”

కవి కంగారుపడ్డాడు. “అది... ఉత్త ఉపమానం!”

“అయితే అసలు మాటేమిటో మీరే చెప్పండి కవిగారూ. తలారి ఇక్కడే ఉన్నాడు,” అంది పోలమ్మ.

కవి తలారి కత్తిని చూసి రాజు వెనక్కి జరిగాడు. వాకిట జనం అప్పటికే భోజనానికి బంతులు తీరి కూర్చున్నారు. రాజు గాదెల తాళాలు తీయించక తప్పలేదు.