వేళ్లను చూసి ఇచ్చిన తీర్పు

అమ్మలారా, అయ్యలారా, ఆ సాంబశివుణ్ణి ఒక్కసారి తలుచుకుని వినండి.

ఒక రాజ్యంలో శాస్త్రం చదవకుండా, చెవితో విని నేర్చినవాడు సన్నాయి పట్టకూడదని శాసనం ఉండేది. పట్టినవాణ్ణి ఆస్థాన విద్వాంసుడు రుద్రభట్టు పరీక్షించేవాడు. ఒక్క స్వరం తప్పిందని ఆయన అంటే చాలు, చూపుడువేలు తెగేది. గుళ్లో స్వామికి మేలుకొలుపు వాయించే పైడయ్య వాళ్ల అన్నకు అలాగే వేలు పోయింది.

"ఒరే తమ్ముడూ, నేను వాయిస్తుండగా ఆయన వెనకాలే నగారా మోగింది. సభంతా ఉలిక్కిపడింది. ఆయన మాత్రం నా వేళ్ల మీంచి చూపు తిప్పలేదురా," అని ఏడ్చాడు అన్న.

మర్నాడు గుళ్లో పైడయ్య వాయించాడు. భటులు అతన్నీ పట్టుకెళ్లారు.

"ఏదీ, వాయించు," అన్నాడు రుద్రభట్టు.

పైడయ్య సన్నాయి నోట పెట్టి, బుగ్గలు పొంగించి, వేళ్లు చకచకా ఆడించాడు. గాలి మాత్రం ఊదలేదు. సభంతా నిశ్శబ్దం. రుద్రభట్టు కాసేపు తల పంకించి, "ఆగరా. గాంధారం తప్పింది. వేలు తీయండి," అన్నాడు.

భటులు కదల్లేదు. రాజు ముఖం నల్లబడింది. "చెవుడు దాచి ఇన్నాళ్లూ తీర్పులిచ్చాడా? ముందు ఈయన వేలు తీయండి."

"వద్దు ప్రభూ," అన్నాడు పైడయ్య. "ఆయనకు వినిపించలేదు, వేళ్లు చూసి పుస్తకంలో ఉన్నది చెప్పాడు. మా అన్న తప్పు లేకుండా వాయించినప్పుడు తమరికి వినిపించింది కదా. తమరెందుకు ఊరుకున్నారు?"

శాసనం ఆ పూటే రద్దయింది. తెగిన వేలు మాత్రం మొలవలేదు, తల్లీ. ఇప్పుడు స్వామిని తమ్ముడి సన్నాయే లేపుతోంది. అన్న పక్కన కూర్చుని వింటాడు.