దిక్కులేని చోట తూకం గుండు

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఓబులయ్య స్వామి దగ్గర ఆ సామెత చెల్లదు. ఏళ్ల తరబడి వెంట తిరిగిన శిష్యులకైనా ఆయన ఒక పట్టాన జవాబు చెప్పడు. ఆ సంగతి తెలిసి కూడా తిరుపాలమ్మ అడిగింది. అడక్కపోతే ఆమెకు అన్నం సయించేలా లేదు మరి.

ఆమె పెనిమిటి గురప్ప తాపీ మేస్త్రీ. మంటపానికి పనికొచ్చే రాయి చూసొస్తానని కొండెక్కి, పాము కరిచి, మనిషి అడుగు పడని బండల మధ్య ప్రాణం విడిచాడు. నోట్లో తులసితీర్థం పోసే దిక్కు కూడా లేకపోయింది.

"ఆ చోటు దేవుడికి తెలుసా స్వామీ? తెలిసినా, కూలి మనిషి కోసం అంత దూరం వస్తాడా?" అంది తిరుపాలమ్మ.

"గురప్ప తూకం గుండు ఇంట్లో ఉందా తల్లీ? పట్టుకురా, పోదాం," అన్నాడు స్వామి.

గోడ నిటారుగా లేచిందో లేదో చూసుకునే ఆ ఇనప గుండును దారంతో సహా కొంగులో కట్టుకుని ఆమె ఆయన వెనకాల కొండెక్కింది. గురప్ప పడిపోయిన చోట ఇద్దరూ ఆగారు. స్వామి చెప్పినట్టే దారం పట్టుకుని గుండును వదిలింది. అది కాసేపు ఊగి నిటారుగా నిలిచింది. బండ చీలికలో వేలాడదీసింది. మేకలు కూడా దూరని ముళ్లపొదలోకి చెయ్యి పెట్టి, అక్కడా గుండును వదిలి చూసింది. ఎక్కడైనా అంతే. ఇన్నాళ్లూ గోడల పక్కన చూసిందే గానీ, గోడ లేని చోట కూడా అది నిలుస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

"ఇప్పుడు దారం విప్పి ఒక చేత గుండు, ఒక చేత గులకరాయి పట్టుకుని ఒక్కసారే వదులు," అన్నాడు స్వామి.

రెండూ ఒకేసారి బండను తాకాయి. చెయ్యి తడబడిందేమోనని మళ్లీ వదిలింది. ఈసారీ ఒకటే చప్పుడు. గులకరాయి చిన్నదని వెనక పడలేదు. గుండునూ రాయినీ ఏదో ఒకేలా కిందికి లాగుతోందని తిరుపాలమ్మకు అర్థమైంది. అదే లాగుడు తన అరికాళ్ల కింద కూడా ఉందని తెలిసి అక్కడే చతికిలబడింది. గురప్ప పోయాక మొదటిసారి కడుపారా ఏడ్చింది.

చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "మనం రాకముందు, ఆయన పడిపోయిన రోజు కూడా ఈ లాగుడు ఇక్కడ ఉందా స్వామీ?" అని అడిగింది.

"మనం వచ్చాక వచ్చేదైతే, దారి కోసం కాస్త తడుముకునేదమ్మా," అన్నాడు ఓబులయ్య స్వామి.